జూన్ నెల మీ కాగితంలో లేదు

ప్రశ్న: అమ్మా, మేము వనస్థలిపురంలో ఉంటాం. మా ఆయన ఒక కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తారు, చేతికి 48,000 వస్తాయి. నేను ప్రైవేటు బడిలో టీచర్ని, నా జీతం 16,000. మా అత్తమ్మ, బాబు, పాప, మేమిద్దరం. అద్దె, మెయింటెనెన్సు 15,000. కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాసు 14,000. కరెంటు, ఫోన్లు, నెట్టు 3,000. పెట్రోలు, ఆటోలు 4,000. పిల్లల వ్యాను 3,000. అత్తమ్మ మందులు 2,500. ఇక అప్పులు. రెండేళ్ల కింద పాత కార్డు బాకీలు, ఆడపడుచు పెళ్లి అప్పు తీర్చడానికి తీసుకున్న పర్సనల్ లోను ఇంకా 2,60,000 ఉంది, ఈఎంఐ 8,700. అత్తమ్మ మోకాలి ఆపరేషన్‌కు నల్గొండలో మా ఆయనకు చిన్నాయన వరసయ్యే ఆయన దగ్గర ప్రోనోటు మీద 2 లక్షలు తెచ్చాం, రెండు రూపాయల వడ్డీ. క్రెడిట్ కార్డులు మళ్లీ నిండాయి. ఒకదాంట్లో 90,000, ఇంకోదాంట్లో 55,000. రెంటికీ మినిమం కడుతున్నాం, 7,250. ఇవన్నీ కూడితే నెలకు రెండున్నర వేలు మిగలాలి. ఒక్క నెలా మిగల్లేదు. అనుకోని ఖర్చులు వెనక పేజీలో రాశాను. దీపావళికి ఆయనకు 35,000 బోనస్ వస్తుంది, అది ఎటు పోతుందో తెలియదు. మా అమ్మ పెట్టిన 5 తులాల బంగారం లాకర్లో ఉంది, తాకట్టు పెట్టొచ్చా? కాలనీలో చీటీ వేసి, ముందే ఎత్తుకుని కార్డులు కట్టెయ్యమంటోంది పక్కింటామె. ఫోన్‌కు లోను యాప్‌ల మెసేజీలు వస్తున్నాయి. ఇంకొక మాట. ఆ 55,000 కార్డు నా పేరు మీద ఉంది, మా ఆయనకు తెలియదు. పిల్లల ఫీజుకు వాడాను. చెప్పాలా?

సమాధానం:

అమ్మా, మీ కాగితం నేను మళ్లీ కూడాను. ఇంటి ఖర్చు 41,500, అప్పులకు 19,950 (ప్రోనోటు వడ్డీ 4,000తో కలిపి), మొత్తం 61,450. మీ ఇద్దరి జీతాలు 64,000. మిగలాల్సింది 2,550. మీ కూడికలో తప్పు లేదు. మీరు దుబారా మనిషీ కాదు. ఈ ఊళ్లో ఐదుగురి వంటింటికి 14,000 ఎక్కువని ఎవరైనా అంటే వాళ్లు ఈ మధ్య పప్పు కొనలేదని అర్థం. కాబట్టి ముందుగా ఒక మాట: పాలు తగ్గించడం, కూరగాయల దగ్గర పది రూపాయల కోసం మనసు కష్టపెట్టుకోవడం ఆపండి. మీ డబ్బు అక్కడ పోవడం లేదు.

ఎక్కడ పోతోందో మీరే వెనక పేజీలో రాశారు. 'అనుకోని ఖర్చులు' అని పైన పేరు పెట్టి, కింద గీత కొట్టి మరీ రాశారు. ఇద్దరి బడి ఫీజులు 70,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 14,000. బోనాలకు, దసరాకు 12,000. పెళ్లిళ్ల చదివింపులు, ఒడిబియ్యం చీరలు 15,000. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 5,000. ఆయన ఎల్‌ఐసీ 12,000. జ్వరాలకు, ఆస్పత్రికి 8,000. కూడితే ఏడాదికి 1,36,000.

ఇందులో అనుకోనిది ఏముంది చెప్పండి? బడి ప్రతి జూన్‌లోనూ తెరుస్తారు. ఆషాఢం రాకుండా ఉండదు, బోనాలు రాకుండా ఉండవు. దసరా తేదీ ఏడాది ముందే క్యాలెండర్లో ఉంటుంది. జ్వరం ఒక్కటే చెప్పి రాదు, అదీ ఏడాదికోసారి తప్పక వస్తూనే ఉంది. మీరు బడ్జెట్ నెలకు వేశారు, మీ ఇల్లేమో ఏడాది లెక్కన నడుస్తోంది. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులోకి కార్డు దూరింది.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. 1,36,000 లోంచి బోనస్ 35,000 తీసేయండి. మీ కాగితం మీద మిగిలే 2,550 చొప్పున ఏడాదికి 30,600, అదీ తీసేయండి. ఇంకా 70,400 తక్కువ పడుతుంది. రెండేళ్లకు 1,40,800. పర్సనల్ లోనుతో పాత కార్డులు తీర్చి రెండేళ్లయింది అన్నారు. ఈ రోజు కార్డుల మీద ఉన్నది 1,45,000. బోనస్ ఎటు పోతుందో తెలియదన్నారు కదా, అది కూడా ఈ గుంటలోకే పోతోంది. మీ ఇంట్లో దొంగ లేడు, పొదుపు తెలియని మనిషి కూడా లేరు. కాగితంలో ఒక వరస లేదు, అంతే. నేను చాలా ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నాను. జూన్ రాగానే గొలుసులు పట్టుకుని వచ్చే అమ్మల వరస నాకు బాగా తెలుసు. వాళ్లలో ఒక్కరూ సోమరులు కారు, ఒక్కరూ ఆడంబరాలకు పోయినవాళ్లు కారు.

ఇక అప్పుల సంగతి. వీటిని శాతాల్లో చూస్తే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. మన పెద్దవాళ్ల లెక్కలో, నూటికి నెలకు ఎన్ని రూపాయలు అని చూద్దాం. చిన్నాయనది రెండు రూపాయల వడ్డీ. ఊళ్లో ఆ మాట వింటేనే గుండె గుభేలుమంటుంది. మీ పర్సనల్ లోను, ఈఎంఐని బట్టి చూస్తే, రూపాయి ముప్పై, నలభై పైసల మధ్య ఉంటుంది. కార్డు మీద నెలకు మూడున్నర శాతం మామూలు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువే. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే నాలుగు రూపాయల పైమాటే. చిన్నాయన కన్నా రెట్టింపు. మీ 1,45,000 మీద నెలకు వడ్డీ, పన్ను కలిపి సుమారు 6,000 పడుతోంది. మీరు కడుతున్న 7,250 లో అసలుకు పోయేది 1,250 మాత్రమే. పైగా బాకీ పూర్తిగా తీర్చనంతవరకు కొత్తగా కొన్నదానికి గడువు రోజులు కూడా ఉండవు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇవాళ్టి నుంచి ఒక్క రూపాయి వాడకుండా ఇదే 7,250 కడుతూ పోయినా తీరడానికి 43 నెలలు. బాకీ తగ్గేకొద్దీ బిల్లులో మినిమం కూడా తగ్గుతుంది, మీరూ దాన్నే కడతారు, అప్పుడు ఇంకా ఎన్నేళ్లో చెప్పలేం. మినిమం అన్న మాట వినడానికి ఎంత తేలిగ్గా ఉంటుందో, దాని పని అంత బరువు.

అందుకే బంగారం గురించి నా జవాబు: పెట్టండి. అన్నీ కాదు. పుస్తెలు, నల్లపూసలు ముట్టుకోవద్దు. తులం లక్ష దాటి ఉన్న రోజులివి. బ్యాంకు విలువలో ముప్పావు వంతు ఇచ్చినా 1,45,000 కు రెండు, మహా అయితే రెండున్నర తులాలు చాలు. మిగతా సగం లాకర్లోనే ఉంచండి. నగల మీద బ్యాంకు లోను ఏడాదికి పది శాతం అటూ ఇటూగా దొరుకుతుంది, మన లెక్కలో రూపాయికి తక్కువ, 83 పైసలు. నెలకు వడ్డీ 1,210. కార్డుల మీద 6,000 పోతున్నచోట 1,210. మీ అమ్మగారు ఆ నగ పెట్టినప్పుడు లాకర్లో పడుకోవాలని పెట్టి ఉండరు. కూతురికి కష్టం వస్తే అక్కరకు రావాలని పెట్టి ఉంటారు. తాకట్టు అంటే పరువు తక్కువ అనుకునే కాలం పోయింది, కానీ ఆ మాట విన్నప్పుడు కడుపులో తిప్పినట్టు అవుతుందని నాకూ తెలుసు. ఒకటి గుర్తుంచుకోండి. నగ మీదే, రసీదు మీ పేరు మీదే ఉండాలి.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. సందు చివర బోర్డు పెట్టిన ఫైనాన్స్ కన్నా ముందు మీ జీతం పడే బ్యాంకులో అడగండి. గ్రాముకు ఎంత ఇస్తారన్నది కాదు, ఏడాదికి వడ్డీ ఎంత అన్నది అడగండి. మీకు ఎక్కువ డబ్బు ఇస్తామన్నా తీసుకోవద్దు. విలువ కట్టే ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు ముందే రాయించుకోండి. మధ్యలో అసలు కొంత కొంత కట్టవచ్చా అన్నది తప్పకుండా అడగండి. సాధారణంగా ఇవి ఏడాది గడువు లోన్లు. గడువుకు వడ్డీ మొత్తం, వీలైతే కొంత అసలు కట్టి తిరగరాయించుకోవాలి. ఆ తేదీ మరిచిపోతే వేలం నోటీసు వస్తుంది. తేదీని ఫోన్లో కాదు, వంటింటి క్యాలెండర్ మీద రాయండి. ఒకవేళ బంగారం పెట్టడానికి మీ ఆయన ససేమిరా అంటే రెండో దారి ఉంది. కార్డు బాకీని ఈఎంఐలుగా మార్చమని కార్డు బ్యాంకునే అడగండి. బంగారం లోను అంత చవక కాదు, ఫీజు కూడా ఉంటుంది, అయినా ఇప్పుడు పడుతున్న వడ్డీ కన్నా చాలా తక్కువ. సగం కడితే మాఫీ చేస్తాం, సెటిల్‌మెంట్ చేసుకోండి అని ఫోన్లు వస్తే మాత్రం ఒప్పుకోవద్దు. సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పుల చరిత్ర కాగితంలో, 'సెటిల్డ్' అన్న మాట పడితే రేపు పిల్లల చదువు లోనుకు అదే అడ్డం పడుతుంది.

కార్డులు తీరిన రోజే మీ కార్డును మూసెయ్యమని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 చొప్పున మీకు కట్టాలి, ఇది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆయన కార్డు లిమిట్‌ను 20,000 కు తగ్గించమనండి. సరుకులు తెచ్చే యాప్‌లలో ఆ కార్డు నంబర్లు దాచి ఉంటాయి, అక్కడా తీసేయండి. ఈ పని వాయిదా వేయొద్దని బతిమాలుకుంటున్నాను. రెండేళ్ల కింద మీరు చేయనిది ఇదొక్కటే. కార్డు ఖాళీ చేసి, తెరిచి ఉన్న కుళాయి కింద మళ్లీ అదే బిందె పెట్టారు.

పక్కింటామె చెప్పిన చీటీ వద్దు. చీటీల మీద నాకు కోపం లేదు. అప్పు లేని మనిషి, రిజిస్టరైన సంస్థలో వేసి, చివరిదాకా ఆగి ఎత్తుకుంటే పొదుపుగా పనికొస్తుంది. మీరు ముందు నెలల్లోనే పాడి ఎత్తుకోవాలి. లక్ష రూపాయల చీటీని మూడో నెలలో పాతిక, ముప్పై వేలు వదులుకుని పాడితే చేతికొచ్చేది డెబ్బై వేల చిల్లర, ఆ తర్వాత చీటీ అయిపోయేదాకా నెలనెలా కట్టాల్సిందే. అది పొదుపు కాదు, ఇంకో అప్పు. పైగా కాలనీ చీటీకి కాగితం ఉండదు. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ నడపాలంటే రిజిస్ట్రార్ దగ్గర అనుమతి ఉండాలి, నడిపేవాళ్ల కమీషన్‌కూ పరిమితి ఉంది, 2019 లో దాన్ని ఐదు నుంచి ఏడు శాతానికి పెంచారు. నమ్మకం మీద నడిచే చీటీలో ఒకరు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు?

లోను యాప్‌ల గురించి ఒకటే మాట: ముట్టుకోవద్దు. వారం గడువుకు ఇచ్చి, ముందే ఫీజు కోసుకుని, తర్వాత ఫోన్‌లో ఉన్న చుట్టాలందరికీ మెసేజీలు పెట్టిన కథలు ఈ ఊళ్లో ఎన్నో విన్నాం. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు నేరుగా మీ ఖాతాలోకి రావాలి, యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదు, వసూలుకు ఫోన్ చేసేవాళ్లు ఉదయం 8 ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు. ఇప్పటికే ఏదైనా యాప్‌తో ఇబ్బంది ఉంటే దాచుకోకుండా 1930 కు ఫోన్ చేయండి. బ్యాంకు మీదో, అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీ మీదో ఫిర్యాదైతే రిజర్వ్ బ్యాంకు నంబరు 14448.

ఇప్పుడు ఆ తప్పిపోయిన వరసను కాగితంలో చేరుద్దాం. వెనక పేజీ 1,36,000 ను 1,20,000 కు దింపవచ్చు అనిపిస్తోంది. పుస్తకాలు, యూనిఫాంలలో ఐదు వేలు తగ్గుతాయి. బాబు పుస్తకాలు కోఠిలో పాతవి దొరుకుతాయి, మీరే టీచరు, ఏది పనికొస్తుందో మీకు తెలుసు. పండగల్లో నాలుగు వేలు. పిల్లల బట్టలు తగ్గించొద్దు, పెద్దవాళ్లు ఒక ఏడాది ఆగవచ్చు. పెళ్లిళ్లలో ఏడు వేలు. ఇది కష్టమని తెలుసు. ఒడిబియ్యానికి చీర పెట్టకపోతే ఏమనుకుంటారో అన్న భయం మనకు ఫీజు కట్టలేకపోతామన్న భయం కన్నా పెద్దది. అయినా ఈ మూడేళ్లు దగ్గరి ఆడబిడ్డలకు మాత్రమే చీర, మిగతావాళ్లకు జాకెట్ ముక్క, పసుపు కుంకుమ అని అత్తమ్మతో కలిసి ముందే అనుకోండి. ఆవిడ నోటి నుంచి ఆ మాట వస్తే చుట్టాల్లో ఎవరూ ఎదురు చెప్పరు.

బోనస్ 35,000 ను రెండో టర్మ్ ఫీజుకని ముందే రాసెయ్యండి. మిగిలిన 85,000 ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 7,100. దీనికి విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లోని చెల్లింపు యాప్‌కు కలపొద్దు. జీతం పడిన రోజే 7,100 అందులోకి వెళ్లాలి. మొదటి ఏడాది జూన్‌కు అందులో సరిపడా ఉండదు, అందుకని ఏప్రిల్‌లోనే బడికి ఒక ఉత్తరం ఇచ్చి ఫీజును నెలవారీగా కడతామని అడగండి. ముందు అడిగిన తల్లిదండ్రులకు, ఫీజు ఎగ్గొట్టి కనబడకుండా పోయేవాళ్లకు మధ్య తేడా ఏ బడికైనా తెలుసు. మీరు పనిచేసే బడిలో టీచర్ల పిల్లలకు రాయితీ ఉంటే పాపను అక్కడికి మార్చడం గురించి ఆలోచించండి. బాబును మాత్రం పదో తరగతి దాకా కదిలించవద్దు.

నెల ఖర్చులో మూడు వేలు తగ్గించే వీలు కనబడింది. మీరు బడికి షేర్ ఆటోలో వెళ్తున్నట్టున్నారు. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ ఉంది కదా, ఆధార్ చూపిస్తే చాలు. బస్సు కోసం పావుగంట ముందు బయల్దేరాలి, నిజమే, కానీ నెలకు 1,200 మిగులుతుంది. అత్తమ్మ బీపీ, షుగరు మందులను జన ఔషధి దుకాణంలో అడగండి. డాక్టరు గారితో మందు అసలు పేరు రాయించుకుని వెళ్లండి, అవే మందులు సగానికి, కొన్ని అంతకన్నా తక్కువకు వస్తాయి. అక్కడ ఇంకో 1,200. ఫోన్ రీచార్జీల్లో, సినిమాల యాప్‌ల్లో 600. కూరగాయలకు మీకు వనస్థలిపురం రైతు బజారు ఉంది, తగ్గించమని కాదు, అదే డబ్బుకు నాలుగు ఆకుకూరలు ఎక్కువ వస్తాయని చెబుతున్నాను. ఆయన కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్సులో తల్లిని చేర్చుకునే వీలుందేమో కనుక్కోమనండి. కొంత ప్రీమియం మనం కట్టాల్సి వచ్చినా పరవాలేదు, మోకాలి ఆపరేషన్ అప్పు మీరు ఇంకా మోస్తూనే ఉన్నారు.

కొత్త కాగితం ఇలా ఉంటుంది. ఇంటికి 38,500, ఫీజులు, పండగల ఖాతాకు 7,100, పర్సనల్ లోను 8,700, ప్రోనోటు వడ్డీ 4,000, బంగారం వడ్డీ 1,210. మొత్తం 59,510. చేతిలో దాదాపు 4,500. ఈసారి ఇది నిజంగా మిగిలే డబ్బు.

దీన్ని ఎటు పెట్టాలన్నది నేను చాలాసేపు ఆలోచించాను. మొదటి పది నెలలు ఇందులో 2,000 పక్కన పెట్టండి, 20,000 అయ్యేదాకా. అప్పు ఉండగా పొదుపేమిటి అని మీ ఆయన అడుగుతారు. పాపకు డెంగీ వస్తే, బండి పాడైతే ఆ రాత్రి మీ చేయి మళ్లీ కార్డు వైపు వెళ్లకుండా ఉండడానికి. మిగతా 2,500 చిన్నాయన అసలుకు. పది నెలల తర్వాత మొత్తం 4,500 అక్కడికే. బంగారం ముందు విడిపించుకోవాలని మీ మనసు లాగుతుంది, నాకు తెలుసు. కానీ ఒకటి 83 పైసలు, ఇంకోటి రెండు రూపాయలు. అసలు తగ్గేకొద్దీ చిన్నాయనకు వడ్డీ తగ్గుతుంది, ఆ తగ్గింది కూడా మళ్లీ అసలుకే కట్టండి. ఇలా వెళ్తే సుమారు 37 నెలలకు ప్రోనోటు తీరుతుంది. పర్సనల్ లోను కూడా దానంతటదే దాదాపు ఆ నెలల్లోనే ముగుస్తుంది. దాన్ని ముందే మూసెయ్యాలని చూడకండి, ఫోర్‌క్లోజర్ ఫీజు పడవచ్చు. ఆ రెండూ తీరాక చేతిలో పద్దెనిమిది వేల పైన ఉంటుంది, ఎనిమిది, తొమ్మిది నెలల్లో నగ ఇంటికి వస్తుంది. నాలుగేళ్ల లోపు. జీతాలు పెరిగితే ఇంకా ముందే.

చిన్నాయన దగ్గరికి ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లండి. ఇప్పటి నుంచి అసలు కూడా కడతాం, రెండు రూపాయలను రూపాయిన్నర చేయండి అని అడగండి. అసలు వస్తుందన్న నమ్మకం కలిగితే వరసైనవాళ్లు తగ్గిస్తారు, తగ్గితే నెలకు వెయ్యి మిగులుతుంది. కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించుకోండి, తేదీ, అంకె, సంతకంతో. ఫోన్‌లో పంపితే ఆ రసీదు దాచుకోండి. ప్రోనోటుకు మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి మధ్యలో ఆయన తిరగరాయమంటారు. అప్పుడు మిగిలిన అసలు మీదే కొత్త నోటు రాయాలి, పాత నోటు మీ చేతికి రావాలి. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవీ తిరిగి అడగండి. ఇది అనుమానం కాదు, రేపు ఆయన పిల్లలకూ మీ పిల్లలకూ మధ్య మాట రాకుండా ఉండడానికి.

సాయంత్రాలు ట్యూషన్ చెప్పమని చాలామంది మీకు సలహా ఇచ్చి ఉంటారు. కాలనీలో ఐదారుగురు పిల్లలు వచ్చినా నెలకు నాలుగు వేలు వస్తాయి, దాదాపు ఏడాది ముందే బయటపడతారేమో కూడా. కానీ బడి నుంచి వచ్చి, వంట చేసి, అత్తమ్మకు కాలు కాపడం పెట్టి, ఆ పైన ఇంకో రెండు గంటలు నిలబడమని నేను చెప్పలేను. ఆ రెండు గంటలు వంటిల్లు ఆయన చూసుకుంటానంటేనే మొదలుపెట్టండి.

ఇక మీ చివరి ప్రశ్న. చెప్పాలి. నేను రాసిన లెక్క అంతా 1,45,000 మీద నిలబడింది. ఆయనకు తెలిసింది 90,000. తెలియని 55,000 దాచి ఏ కాగితం వేసినా అది మళ్లీ తప్పుతుంది, ఆ తప్పును ప్రతి నెలా మీరొక్కరే మీ జీతంలోంచి కప్పుకుంటూ ఉండాలి. ఇన్నాళ్లూ ఆ 2,750 ఎలా సర్దారో, ఎన్ని రాత్రులు ఆ మెసేజీ ఆయన కంట పడకుండా చూసుకున్నారో ఊహించగలను.

జీతాల రోజున చెప్పకండి. అత్తమ్మ ముందు చెప్పకండి. పిల్లలు పడుకున్నాక, కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి. కార్డుతో మొదలుపెట్టొద్దు, వెనక పేజీతో మొదలుపెట్టండి. ఏడాది ఖర్చులన్నీ ఆయన చేత్తోనే రాయించండి, ఫీజులు, ఆయన ఎల్‌ఐసీ, వాళ్ల వైపు పెళ్లిళ్లు. కూడమనండి. ఏడాదికి 70,000 తక్కువ పడుతోందని ఆయన కళ్లతో చూశాక, అది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు చెప్పండి. 'ఫీజు కట్టాల్సిన రోజు మీ దగ్గర లేవని తెలిసి నేను ఈ కార్డు తీసుకున్నాను, చెప్పలేకపోయాను' అంటే చాలు. ఎక్కువ సంజాయిషీ వద్దు. కోపం వస్తుంది. ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. మీ ఉత్తరంలో ఆయన గురించి ఒక్క కటువైన మాట లేదు, తల్లి ఆపరేషన్ కోసం ఊరికి పోయి నోటు రాసిన మనిషి, పిల్లల ఫీజు కోసం చేసిన అప్పును అర్థం చేసుకోకపోరు. ఆయన వైపు కూడా మీకు తెలియని చిన్న బాకీ ఏదైనా ఉంటే ఆ రాత్రే బయటికి రావచ్చు, వస్తే దాన్నీ కాగితం మీద రాయండి, వాదించుకోకండి.

తర్వాత వచ్చే పనిదినాన ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లండి. ఆధార్, పాన్ కార్డు, లాకర్ తాళంచెవి పట్టుకెళ్లండి. ఏ నగ పెట్టాలో ముందు రాత్రే ఇంట్లో నిర్ణయించుకోండి, కౌంటర్ ముందు కాదు. డబ్బు ఖాతాలో పడిన రోజే రెండు కార్డులూ కట్టెయ్యండి, ఒక్క రోజు కూడా ఆపొద్దు. ఆ సాయంత్రం ఆ పాత కాగితం వెనక పేజీలో 'అనుకోని ఖర్చులు' అని ఉన్నచోట కొట్టేసి 'ఏడాది ఖర్చులు' అని రాయండి.